పెన్సిల్‌తో పొడిచిన సంచులు

ఆదివారం మధ్యాహ్నం రెండయ్యేసరికి బొంగరం పుట్టగొడుగుల గదిలోకి తొంగిచూడటం అది ఆరోసారి. లోపల ఏమీ మారలేదు.

ఆ పిల్లకి పదేళ్లు. అసలు పేరు బడిలో హాజరు పిలిచేటప్పుడు మాత్రమే పనికొస్తుంది. ఇంట్లో అందరికీ బొంగరమే. కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే చెయ్యి ఊరుకోదు.

వంటింటి వెనకున్న ఆ చిన్న చీకటి గదిలో వాళ్లమ్మ మందు పుట్టగొడుగులు పెంచుతుంది. ఇవి కూర వండుకునే రకం కాదు. ఎర్రగా, చెక్కలా గట్టిగా వస్తాయి. ఎండబెట్టి, పొడి కొట్టి మందుల్లో వాడతారు. వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టులో తవుడు కలిపి, తడిపి, అమ్మ ప్లాస్టిక్ సంచుల్లో కూరుతుంది. నాన్న వాటిని ఇనప డ్రమ్ములో పెట్టి పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో ఉడికిస్తాడు. పొట్టులో ఉన్న బూజు అంతా చావాలి కదా. చల్లారాక అమ్మ పుట్టగొడుగు విత్తనం వేసి, బయటి బూజు లోపలికి పోకుండా సంచి మూతికి దూది బిగిస్తుంది. ఇక ఆ తర్వాత చేయాల్సిన పని ఒక్కటే, ఊరుకోవడం.

బొంగరానికి చేతకానిది సరిగ్గా అదే.

పోయినసారి అమ్మ ఐదు సంచులే పెట్టింది. ఈసారి ధైర్యం చేసి ముప్పై పెట్టింది. ఇరవై రోజులయింది. సంచుల్లో తెల్లటి పోగులు పైనుంచి కిందికి పాకాయి. పైకి తెల్లగా ఉంది సరే, మరి లోపల? అమ్మని అడిగితే నెలయ్యాక చూద్దువుగాని, ముట్టుకోకు అంది. అంటే ఇంకా పది రోజులు. పది రోజులు ఎవరాగుతారు?

హోంవర్క్ మధ్యలో లేచొచ్చింది కాబట్టి చేతిలో పెన్సిల్ ఉంది. మొన బాగా చెక్కి ఉంది. అడుగు అరలో మొదటి సంచిని పుటుక్కున పొడిచింది. రంధ్రానికి కన్ను ఆనించింది. చీకటి. రెండో సంచిని పొడిచింది. అదే చీకటి. మూడోది కూడా పొడిచాక గాని, లోపల కనపడాలంటే వెలుతురు కావాలన్న సంగతి తట్టలేదు. అప్పుడు భయం వేసింది. మూడింటినీ రంధ్రాలు గోడవైపుకి తిప్పేసి, వెళ్లి బుద్ధిగా లెక్కలు చేసుకుంది. అన్నీ తప్పులే.

తర్వాతి శనివారం బడి మధ్యాహ్నమే అయిపోయింది. ఇంటికొచ్చేసరికి అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని వెనక వాకిట్లో నిలబడి ఉంది. ఆమె ముందు ఒక పెద్ద కవర్లో మూటకట్టిన సంచి. తెల్లటి పోగుల మీద అరచేతంత మేర ఆకుపచ్చ బూజు. అది బొంగరం పొడిచిన మొదటి సంచి. బూజు కప్పేసిందేమో, రంధ్రం ఎవరికీ కనపడలేదు.

అమ్మ కోపంగా లేదు. దాంతో బొంగరానికి ఇంకా భయం వేసింది. సంచులు సరిగ్గా ఉడకలేదని అమ్మ తేల్చేసింది. ముప్పై సంచులూ ఒకే డ్రమ్ములోంచి వచ్చినవి. ఒకటి పచ్చబడిందంటే తక్కినవీ ఇవాళో రేపో పచ్చబడతాయి. ఆ పచ్చపొడి గాల్లోకి లేస్తే గది మొత్తం పాడైపోతుంది. అందుకని అన్నింటినీ ఇప్పుడే తీసి పాతిపెట్టేద్దామంది. ఇక ఈ పని మానేస్తానని కూడా అంది.

నాన్న మొదట ఒప్పుకోలేదు. డ్రమ్ము దగ్గర్నుంచి కదిలితే ఒట్టు అన్నాడు. మంట ఒక్కసారి కూడా తగ్గలేదన్నాడు. కాసేపటికి గడ్డం గోక్కున్నాడు.

"భోజనం చేశాక కాస్త కునుకు పట్టిందేమో. నావల్లే అయ్యుంటుంది," అన్నాడు మెల్లగా.

నాన్న మాటకి మాట అప్పజెప్పే మనిషి. అలాంటివాడు తలొంచుకుని పార తేవడానికి వెళ్లాడు.

బొంగరం లోపలికెళ్లి నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. మంచం మీద కూర్చుంది, లేచింది. చెప్పులు వేసుకుంది, విప్పింది. చెబితే తిట్లు తప్పవు. చెప్పకపోతే మంచి సంచులన్నీ మట్టిలోకి పోతాయి. నాన్నేమో చేయని తప్పు నెత్తినేసుకుంటాడు. వాకిట్లో పార నేలకి తగిలిన చప్పుడు వినిపించింది.

ఒక్క పరుగున వెళ్లి నాన్న చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నిద్రపోలేదు నాన్నా. నేనే పెన్సిల్‌తో పొడిచాను."

ఎప్పుడని అడిగింది అమ్మ. పోయిన ఆదివారం అని చెప్పింది బొంగరం. లోపల తెల్లబడిందో లేదో చూద్దామనుకున్నానంది. అమ్మ కవరు పైనుంచే సంచిని వెలుతురుకి పెట్టి చూసింది. బూజు నడిమధ్యన చిన్న రంధ్రం కనిపించింది.

"అయితే బాగానే ఉడికాయన్నమాట," అని నాన్న వైపు చూసింది అమ్మ. నాన్న పార గోడకి ఆనించాడు.

ఆ తర్వాత బొంగరానికి పడాల్సిన తిట్లు పడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, కడుపులో బరువు దిగింది. సగమే దిగింది.

పోనీలే, ఒక్క సంచితో పోయింది అంటూ అమ్మ లోపలికి నడిచింది. ఆమె మొహం ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. బొంగరం పొడిచిన తక్కిన రెండూ ఇంకా తెల్లగానే ఉన్నాయి. పచ్చబడకపోవచ్చు కూడా. తిట్లు ఎలాగూ అయిపోయాయి. మళ్లీ నోరు తెరవడం మొదటిసారి కన్నా కష్టంగా ఉంది.

"అమ్మా, ఆగు," అంది బొంగరం.

ముక్కుకి గుడ్డ కట్టుకుని గదిలోకి వెళ్లింది. అడుగు అరలోంచి ఒక సంచిని రెండు చేతులతో, ఊపకుండా, అడుగులో అడుగేసుకుంటూ బయటికి తెచ్చింది. మళ్లీ వెళ్లి ఇంకోటి తెచ్చింది. రెండింటినీ పచ్చబడ్డ సంచి పక్కన పెట్టింది.

"వీటిని కూడా పొడిచాను," అంది.