అన్నీ మీడియమే

సూట్‌కేసు దొరికింది. మనిషి దొరకలేదు.

రైల్వే స్టేషన్ సామాన్ల గదిలో మూడు వారాలుగా ఎవరూ తీసుకెళ్ళని నీలం సూట్‌కేసు అది. రసీదు మాత్రం కనబడకుండా పోయిన ఆవిడ పేరు మీదే ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో గుమస్తాకి గుర్తు లేదు. కెమెరా పాడై చాలాకాలమైందట.

ఇన్‌స్పెక్టర్ దాన్ని తన బల్ల మీద తెరిపించింది.

హెడ్ కానిస్టేబుల్ ఒక్కొక్క బట్టా తీసి, మెడ దగ్గరా నడుము దగ్గరా ఉన్న లేబుల్ చదువుతున్నాడు. జీన్స్, మీడియం. తెల్ల షర్టు, మీడియం. పూల గౌను, మీడియం. ఉన్ని కోటు, అదీ మీడియమే.

“భర్త చెప్పిన సైజే మేడమ్. ఒక్కదానికీ ఉతికిన వాసన లేదు. కొత్త కాపురానికి కొత్త బట్టలన్నమాట.” నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

ఆమె మొహంలో కోపమేమీ లేదు. అసలు ఏదీ లేదు. తల్లి పోయినప్పటి నుంచీ ఆమెకి ఏదీ తగలడం మానేసింది. శవాన్ని చూసినా, దొంగ దొరికినా, ప్రమోషన్ వచ్చినా ఒకటే. తిమ్మిరెక్కిన కాలి మీద చెయ్యి వేసుకున్నట్టుంటుంది. తనదేనని తెలుస్తుంది, అంతే. పనిలో మాత్రం వేలెత్తి చూపించడానికి ఏమీ ఉండదు.

కేసు చూడబోతే చిన్నదే. ఆవిడ ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. భర్త ఒక బట్టల కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజర్. పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భార్య లేదు, సూట్‌కేసూ లేదు అన్నాడు. అదే వారం క్లినిక్‌లో ఒక డాక్టరు ఉద్యోగం మానేశాడు. ఇంకేముంది, ఊళ్ళో నోళ్ళు ఆ రెంటినీ ముడిపెట్టేశాయి. ఇప్పుడు సూట్‌కేసు కూడా దొరికింది కాబట్టి, ఇష్టపడే వెళ్ళిపోయిందని రాసి ఫైలు మూసెయ్యమని పైనుంచి ఫోన్ వచ్చింది.

మూసెయ్యనివ్వని మనిషి ఒక్కతే. ఆవిడ అక్క.

రోజూ వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేది. మొదటి వారం ఖాయంగా చెప్పింది. “వెళ్ళాలనుకుంటే వెళ్తుంది మేడమ్, అది దానిష్టం. కానీ మా చిన్నది నాకు చెప్పకుండా వెళ్ళదు.” రెండో వారం అదే మాట అడుగుతున్నట్టు అంది. ఈ వారం అసలు అనడమే మానేసింది. చెల్లెలు బతికుందా లేదా అన్నది ఒక బాధ. బతికుంటే తనకి ఒక్క ముక్కయినా చెప్పకుండా పోయిందే అన్నది ఇంకో బాధ. రెండో దాన్ని పైకి చెప్పుకోడానికి కూడా ఆమెకి సిగ్గుగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆమెని లోపలికి పిలిచి బట్టలు చూపించింది. అక్క ఒక్కొక్కటీ ఎత్తి చూసి కింద పెట్టింది.

“వీటిల్లో ఒక్కటి కూడా నేను చూళ్ళేదు. ఒకరివి ఒకరం వేసుకుంటాం మేడమ్ మేము. బట్టలు కూడా దాచిందా నా దగ్గర?”

“మీ చెల్లెలి సైజేంటి?”

“ఏ కంపెనీవి?” అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ జవాబు ఇన్‌స్పెక్టర్ చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. హెడ్ కానిస్టేబుల్ ‘తెలియదు’ అని రాసుకున్నాడు.

ఎక్కింది మర్నాడు పొద్దున. సెలవు రోజు. ఏళ్ళ తరబడి ఆమె ఒంటి మీద ఉన్నది దర్జీ కొలతలు తీసి కుట్టిన యూనిఫామే. మామూలు ప్యాంటు కోసం బీరువా తీసింది. మూడున్నాయి. ఒకటి మీడియం, ఒకటి లార్జ్, ఒకటి ఎక్స్‌ట్రా లార్జ్. మూడూ ఆమెకి సరిగ్గా సరిపోతాయి.

బీరువా ముందు చాలాసేపు నిలబడింది. తరవాత హెడ్ కానిస్టేబుల్‌కి ఫోన్ చేసి సెలవు లేదని చెప్పింది.

మధ్యాహ్నానికి అందరూ ఆ ఫ్లాట్‌లో ఉన్నారు. భర్త సోఫాలో. ఉద్యోగం మానేసిన డాక్టరు కిటికీ దగ్గర. తల్లికి పక్షవాతం వస్తే చూసుకోడానికి సొంతూరు పోయాడట పాపం. ఆసుపత్రి కాగితాలన్నీ వెంట తెచ్చుకున్నాడు. అక్క పడగ్గది గుమ్మంలో నిలబడింది. మంచం మీద ఒక పక్క సూట్‌కేసులోని బట్టలు, ఇంకో పక్క బీరువాలో మిగిలినవి.

ఇన్‌స్పెక్టర్ భర్త వైపు తిరిగింది.

“మీ భార్య సైజు?”

“మీడియం.”

“అంత ఖాయంగా ఎలా చెబుతారు?”

“గోడౌన్‌లో నా పనే అది మేడమ్. చూస్తే చెప్పేస్తాను.”

“ఆవిడా, ఈ అక్కగారూ ఒకే ఒళ్ళా?”

“ఒకే అచ్చు. వెనకనుంచి చూస్తే నేనే పొరబడేవాణ్ణి.”

“బీరువా మీరు ముట్టుకున్నారా?”

“ఆడవాళ్ళ బీరువాతో నాకేం పని?”

“అయితే సూట్‌కేసు ఆవిడే సర్దుకుంది.”

“ఇంకెవరు సర్దుతారు?”

ఇన్‌స్పెక్టర్ తలూపింది. సూట్‌కేసు బట్టలు ఒక్కొక్కటే వేసుకుని చూపించమని అక్కని అడిగింది. అక్క ఎందుకని అడగలేదు. తలుపు వేసుకుంది.

జీన్స్ తొడల దగ్గరే ఆగిపోయిందని లోపలినుంచే చెప్పింది. తెల్ల షర్టుకి బొత్తాలు అందలేదు. కోటు తొడుక్కుని బయటికొస్తే చేతులు రెండూ కోటు చేతుల్లోపలే ఉండిపోయాయి. పూల గౌను భుజాల మీద నిలవక జారిపోతోంది. హెడ్ కానిస్టేబుల్ ఒకసారి గౌను వంకా, ఒకసారి దాని లేబుల్ వంకా చూశాడు. అతని మొహం మాడిపోయింది.

“ఇప్పుడు బీరువాలోవి.”

స్మాల్ అని ఉన్న చొక్కా కుట్టించినట్టు సరిపోయింది. ఎక్స్‌ట్రా లార్జ్ ప్యాంటు నడుముకి పట్టినట్టు కూర్చుంది. చివరగా లార్జ్ అని రాసి ఉన్న ఆకుపచ్చ గౌనులో బయటికొచ్చింది. వెనక జిప్ సగమే పడింది. భర్త తల దించుకున్నాడు. చనిపోయిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఎవరికైనా చూపు నిలవదు. కానీ ఆవిడ చనిపోయిందని అక్కడ ఇంకా ఎవరూ అనలేదు.

“ఇది కనిపెట్టడానికి డిటెక్టివ్ అక్కర్లేదు,” అంది ఇన్‌స్పెక్టర్. “సొంతంగా బట్టలు కొనుక్కునే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఒక్కో కంపెనీ ఒక్కో మనిషిని నిలబెట్టి, ఆ ఒంటికి మీడియం అని పేరు పెడుతుంది. ఒకడి మీడియం ఇంకొకడి లార్జ్. మీ ఆవిడ ముందు మీడియం తెప్పించేది. సరిపోకపోతే వాపసు పంపుదామని కింది అరలో పడేసి, ఇంకో సైజు తెప్పించి వేసుకునేది. మేం బీరువా తెరిచేసరికి ఆ కింది అర ఒక్కటే ఖాళీ.”

ఇన్‌స్పెక్టర్ సూట్‌కేసు బట్టల వైపు చెయ్యి చూపించింది.

“ఇల్లు వదిలి వెళ్ళే ఆడది తనకి పట్టే బట్టలు వదిలేసి, పట్టనివన్నీ ఏరి సర్దుకోదు. ఇవి లేబుల్ చూసి సర్దినవి. స్మాల్, లార్జ్ అని ఉన్నవన్నీ ఆవిడవి కావనుకుని వదిలేశారు మీరు. రోజంతా పెట్టెల మీద లేబుల్ చూసి సర్దే అలవాటు. ఇంట్లోనూ అదే చేశారు.”

“మీడియమే తను,” అన్నాడు భర్త, చాలా మెల్లిగా. “నాకు తెలుసు తను మీడియమే.”

“ఎక్కడుంది?”

చెప్పాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, వెళ్తానందట. మాటా మాటా పెరిగింది. తోశాడు. బాత్రూం గట్టుకి తల తగిలింది. గోడౌన్ వెనక ఎవరూ వాడని నీళ్ళ ట్యాంకు ఉంది. అందులో. సరుకు లెక్క అప్పజెబుతున్నవాడిలా చెప్పాడు. డాక్టరు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

హెడ్ కానిస్టేబుల్ భర్తని కిందికి తీసుకెళ్ళాడు. గోడౌన్‌కి మనుషుల్ని పంపమని ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేసి, తన లోపల ఏమైనా కదులుతుందేమోనని కాసేపు చూసింది. ఏమీ కదల్లేదు.

అక్క మంచం అంచున కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలవైపు చూస్తోంది.

“ఆ ఉద్యోగం సంగతి నాకు తెలుసు,” అంది. “ముందు నాకే చెప్పింది. మా ఆయన ఒప్పుకుంటాడంటావా అక్కా అంది. అడిగి చూడవే అన్నాను.”

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“మూడు వారాలుగా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను మేడమ్. బ్రష్ చేసుకుంటూ, అన్నం తింటూ. అక్కనన్న లెక్కయినా లేకుండా పోయావు కదే అని.” ఆగింది. “అది ఎక్కడికీ పోలేదన్నమాట.”

“లేదు,” అంది ఇన్‌స్పెక్టర్.

అక్క లేచి ఆమె వైపు వీపు తిప్పి నిలబడింది. “కాస్త జిప్ తీస్తారా మేడమ్. నాకు చెయ్యి అందదు. ఎప్పుడూ అదే తీసేది.”

ఇన్‌స్పెక్టర్ జిప్ పట్టుకుని మెల్లిగా కిందికి లాగింది.