రెండు డ్రమ్ముల లెక్క

అంగారక గణరాజ్యంలో జనం అబద్ధాలాడటం మానేసి మూడేళ్లయింది. బుద్ధి వచ్చి కాదు, గళసాక్షి వచ్చి.

అది అరచేతిలో ఇమిడే యంత్రం. కళ్లారా చూసింది చెప్పేటప్పుడు మనిషి స్వరపేటికలో ఒక తీరు ప్రకంపన ఉంటుంది, విన్నదో అల్లిందో చెప్పేటప్పుడు మరో తీరు. ఆ తేడా పట్టి పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. దేశం పుట్టుకను చూసిన ముసలివాళ్ల నోటి చరిత్రను ఇప్పుడు దానితోనే సేకరిస్తున్నారు. పచ్చదీపం వెలిగిన మాటను కోర్టు కూడా కాదనదు.

అందుకే దమయంతమ్మకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

ముప్పై రెండేళ్ల కిందట స్వాతంత్ర్యం కావాలా వద్దా అని ఓటింగు జరిగితే, కాగితం లేక జనం రెండు డ్రమ్ముల్లో బోల్టులు వేశారు. లెక్కపెట్టింది ఆమె, గవర్రాజు ఇద్దరే. నలభై ఒక్క బోల్టుల తేడాతో స్వాతంత్ర్యం ఓడింది. గెలిచిందని ఆమె ప్రకటించింది. ఆ దొంగలెక్క మీద సంతకం పెట్టనన్న గవర్రాజును దేశద్రోహి అని మంచుగనులకు పంపారు. అప్పటినుంచి ఏటా జెండా పండుగనాడు డ్రమ్ముల పక్కన నిలబడి ఆమె ఆ లెక్క అప్పజెప్పాలి. పిల్లలు చప్పట్లు కొడతారు.

గనిధూళికి గవర్రాజు గొంతు పూర్తిగా పోయింది. యంత్రం ముందు తన మాట తను చెప్పుకోలేడు. ఈ వారమే అతని అప్పీలు. దమయంతమ్మ నిజం చెబితే అతను బయటికొస్తాడు, ఆమె లోపలికెళుతుంది.

"భయపడకండమ్మా, మామూలుగా మాట్లాడండి," అంది యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ నజీమా.

"స్వాతంత్ర్యం ఓడిపోయింది తల్లీ. నలభై ఒక్క బోల్టులు తక్కువొచ్చాయి. నేనే అబద్ధమాడాను."

ఎర్రదీపం వెలిగింది.

నజీమా మళ్లీ చెప్పించింది. మళ్లీ ఎరుపే. "పాపం, ఆయన మీద జాలితో చెబుతున్నారు. ఏటా చెప్పేది ఒకసారి చెప్పండి."

దమయంతమ్మ అప్పజెప్పింది. పచ్చదీపం నిలకడగా వెలిగింది.

"అది వల్లించీ వల్లించీ నోటికొచ్చిన మాటమ్మా. నీ మిషను పొరపాటు పడింది."

"ఇంతవరకూ పడలేదమ్మా," అని నజీమా కోర్టుకు నివేదిక పంపేసింది.

దమయంతమ్మ కళ్లు మూసుకుని ఆనాటి డ్రమ్ములను గుర్తు తెచ్చుకోబోయింది. స్వాతంత్ర్యం డ్రమ్ము అంచులదాకా నిండి కనిపించింది. రెండోది ఎంతసేపు చూసినా వెలితిగానే ఉంది. కొంపదీసి గవర్రాజే అబద్ధమాడాడా అని ఆమెకు మొదటిసారి అనిపించింది.