ధరణి ఎవరికి చెప్పింది?

“మా ఆయనే అని తేలితే ఏం చెయ్యాల్నో నాకు తెల్వదు మేడమ్,” అంది అపర్ణ. “కానీ తెలుసుకోకుండ మాత్రం ఆ ఇంట్ల ఉండలేను.”

బ్లాంచర్డ్స్‌టౌన్ అనే ఐరిష్ ఊళ్ళో ఒక పచారీ కొట్టు పైన ఉన్న ఆ ఆఫీసుకు భయపడుతూ వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. డిటెక్టివ్ సంతోషకుమారి ఎవరినీ తొందరపెట్టదు. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిచ్చిన మనిషి. ఆమె అసిస్టెంట్ అబిగేయిల్ బాపట్ల నుంచి వచ్చి పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, నడుము నొప్పితో మానేసింది. మేడమ్ మౌనంగా ఉందంటే లోపల ఏదో జరుగుతోందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఇంతవరకూ వమ్ము కాలేదు.

అపర్ణ లీక్స్‌లిప్‌లోని చిప్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. చెల్లెలు ధరణి అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ, ఒక పెట్రోల్ బంకు దుకాణంలో రాత్రిపూట పనిచేసేది. చలికాలంలో ఎవడో దోచుకోడానికి వచ్చి కాల్చేశాడు. అక్కడితో అయిపోతే కడుపుకోత ఒక్కటే మిగిలేది. కానీ ‘నిప్పు నిజం’ అనే తెలుగు యూట్యూబ్ ఛానెల్ ఆ పిల్లని వదల్లేదు. అమెరికా ఎలా మారిపోయింది, అక్కడి స్వేచ్ఛ మన ఆడపిల్లల్ని ఏం చేస్తోంది అంటూ రోజూ చర్చలు. శవాల మీద పేలాలు ఏరుకోవడం అనేది పాత మాటే. ఇప్పుడు దానికి సబ్‌స్క్రైబర్లు కూడా ఉన్నారు.

“పోయిన వారం ఇది పెట్టిండ్రు,” అంటూ అపర్ణ వీడియో నొక్కింది.

‘ధరణి ఎవరికి చెప్పింది? ప్రియుడికా?’ అని ఎర్రక్షరాలు. కీచుమని సన్నటి ఈల లాంటి చప్పుడు. తర్వాత ఒక లేత గొంతు: “నైట్ డ్యూటీ అంటే భయమైతుంది. అమ్మకు మాత్రం చెప్పకు.” గొంతు వెనక దూరంగా గంట. మూడు దెబ్బలు, కాసేపు ఆగి మళ్ళీ మూడు.

“ఇది ధరణి పంపిన వాయిస్ మెసేజేనా? మీరెప్పుడైనా విన్నారా?” అని అడిగింది సంతోషకుమారి.

“మేమెవ్వరం వినలే. అమ్మ అన్నం మానేసింది. ‘బిడ్డ భయపడ్డదని నాకు తెలిస్తే ఆ రోజే రమ్మందును. దాచినోళ్ళే దాన్ని చంపిండ్రు, ఆ మొఖం నాకు చూపించొద్దు’ అంటుంది. ఇక్కడి పోలీసులు, గార్డ్స్‌ను అడిగితే ఇందులో కేసేం లేదన్నరు.” అపర్ణ కళ్ళు తుడుచుకుంది. “మా ఆయన జగన్ ఫోన్ల ఆ ఛానెల్ నంబర్ ఉంది మేడమ్. ఈ వీడియో రాకముందు వాళ్ళ చర్చ లైవ్ నడుస్తుంటే చేసిండు. ఎందుకు చేసినవంటే తేలు కుట్టిన దొంగ లెక్క ఉంటడు.”

ఆమె వెళ్ళాక సంతోషకుమారి ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వింది. “పూజ గంటా అబిగేయిల్?”

“కాదు మేడమ్. పూజలో గంట గబగబా ఊపుతారు కదా. ఇది ఏంజెలస్, చర్చి ప్రార్థన గంట. ఇక్కడ సాయంత్రం ఆరింటికి టీవీలో వస్తుంది, వార్తల ముందు.”

“అంటే ఈ చప్పుడు అమెరికాది కాదు. ధరణి గొంతును ఎవరో ఈ దేశంలో, టీవీ ముందు, ఫోను స్పీకర్‌లో పైకి వినిపించారు.” మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇక ఆ ఇల్లు చూడాలి.”

మర్నాడు సాయంత్రం వాళ్ళు వెళ్ళేసరికి హాల్లో టీవీ నడుస్తోంది. ఎదురుగా అపర్ణ తండ్రి తిరుపతయ్య. కరీంనగర్‌లో స్కూలు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. అల్లుడింట్లో ఉండాల్సి వచ్చిందన్న మొహమాటంతో కుర్చీలో సగమే కూర్చుంటాడు.

“ఈ ఇంగ్లీషు అర్థమవుతుందా అండీ?” అని అడిగింది మేడమ్.

“సగం గాదమ్మా. అమెరికా ముచ్చట ఏమన్న వస్తదేమోనని చూస్త.”

ఇంతలో ఆయన ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకోగానే వినికిడి మిషన్ కీచుమంది. ఆయన చిరాగ్గా ఫోను దించి, స్పీకర్ నొక్కడం కోసం తెర మీద వేలు వెతుక్కుంటుంటే అపర్ణ వచ్చి నొక్కి ఇచ్చింది. అబిగేయిల్‌కు జాలేసింది. అంతకు మించి ఏమీ తోచలేదు.

అపర్ణ తల్లి సుందరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సాయంత్రం ఆరింటికి పైగదిలో దీపం పెట్టుకుంటాననీ, కింద ఏం జరిగేదీ తెలియదనీ చెప్పింది. “నా బిడ్డ ఎవరికి చెప్పిందో చెప్పు తల్లీ,” అని మేడమ్ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కట్టెపుల్లలా ఉంది.

జగన్ వంటింట్లో టీ కాస్తున్నాడు. ఇంటి నుంచే పని, ఆరింటికి ఆఫీసు కాల్స్ ముగించి కిందికొస్తాడు.

“మీ ఫోను ఎక్కడ పెడతారు?”

“హాల్లోనే. లాక్ ఉండదు. మామయ్య కూడా ఇండియాకు దాంట్లోంచే చేస్తడు.”

“ఛానెల్‌కు ఫోన్ చేసింది మీరేనా?”

“అపర్ణ అనుకుంటే అంతే అనుకోనియ్యండి.”

“ఆమె మిమ్మల్ని వెళ్ళిపొమ్మంటోంది.”

“పోత,” అన్నాడు జగన్. కప్పులు అలమరలోంచి తీసి టీ పోశాడు.

బయట బస్టాపు దగ్గర మేడమ్ రెండు బస్సులు ఎక్కకుండా వదిలేసింది. తర్వాత, “దొంగ దొరికితే సంతోషించాలి గదా అబిగేయిల్. ఈసారి నాకు ఏడుపొస్తోంది,” అంది. ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట వినడం అబిగేయిల్‌కు అదే మొదటిసారి.

ఆదివారం నలుగురినీ హాల్లోకి పిలిచింది సంతోషకుమారి. సుందరమ్మను అపర్ణ పట్టుకుని తీసుకొచ్చింది. జగన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మూలన అతని సూట్‌కేసు సర్ది ఉంది.

“జగన్ గారు సాఫ్ట్‌వేర్ మనిషి. మెసేజ్ పంపాలంటే ఒక్క వేలితో పంపేస్తారు. టీవీ మోగుతున్న హాల్లో ఒక ఫోను దగ్గర ఇంకో ఫోను పెట్టి వినిపించరు. అలా చేసింది మెసేజ్ పంపడం రానివాళ్ళు. ఛానెల్‌కు ఫోన్ చెయ్యడానికి జగన్ ఫోను, ధరణి గొంతు వినిపించడానికి తన ఫోను. రెండు ఫోన్లు అందుకే కావాల్సొచ్చాయి.”

అపర్ణ భర్త వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

“ఆ టైముకు అపర్ణ ఫ్యాక్టరీలో ఉంది. సుందరమ్మ గారు పైన దీపం దగ్గర ఉన్నారు. గంట కన్నా ముందు ఆ రికార్డింగులో ఇంకో చప్పుడుంది, కీచుమని. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినికిడి మిషన్ చేసే చప్పుడు. జగన్ గారికి తన ఫోనులో నంబరు చూడగానే తెలిసిపోయింది. నేను కాదని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, గమనించారా? కాదంటే ఇంకొకరి పేరు చెప్పాల్సొస్తుంది.”

అబిగేయిల్ తిరుపతయ్య వైపు చూసింది. ఆయన చెవిలోని మిషన్ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. తర్వాతి మాటలు వినదలుచుకోలేదు కాబోలు. కానీ వినకపోయినా ఏం చెబుతారో ఆయనకు తెలుసు.

“నేనే,” అన్నాడు. “బిడ్డ నాకే చెప్పింది. అమ్మకు చెప్పకన్నది, చెప్పలే. ధైర్యంగుండు బిడ్డా, ఈ సెమిస్టర్ అయిపోతదన్న. నేనే అన్న.”

గుప్పిట వంకే చూస్తూ ఆయన ఆగకుండా చెప్పాడు.

“ఆ చర్చల కూసున్నోళ్ళు, రాత్రి పూట ఆ పిల్లకు బయటేం పని, ఎవనితోని తిరిగిందో అన్నరు. ఓర్సుకోలేక చేసిన. నా బిడ్డ పని చేసుకుంటున్నదని, భయమైనా చేసిందని, దాని గొంతుతోనే చెప్పిద్దామనుకున్న. మొత్తం వినిపించిన. వాళ్ళు మొదలు కోసిండ్రు, చివర కోసిండ్రు. కన్నతండ్రిని ప్రియుడన్నరు. నేను తండ్రినని చెప్పాలంటే, దాచిన సంగతి మీ అమ్మకు తెలుస్తది. నోరు రాలే.”

“మామయ్యా,” అని జగన్ ముందుకొచ్చాడు గానీ ఆయనకు వినబడలేదు.

“ఎందుకు చెప్పలేదు నాకు?” అని అపర్ణ భర్త చొక్కా పట్టుకుంది.

“ఈ ఇంట్ల ఆయన ఎప్పుడూ తల దించుకునే కూసుంటడు అపర్ణా. ఆయన తలను నేను కూడా దించాల్నా?”

సుందరమ్మ లేచింది. భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనిపించింది అబిగేయిల్‌కు.

“మొత్తం ఉన్నదా?” అంది ఆమె. ఆయన అర్థం కాక చూశాడు. ఆమె ఆయన ఫోను వైపు వేలు చూపించింది.

అపర్ణ వెతికి నొక్కింది.

“బాపూ, మిషన్ పెట్టుకున్నవా? వినవడ్తుందా? నైట్ డ్యూటీ అంటే భయమైతుంది. అమ్మకు మాత్రం చెప్పకు, వచ్చెయ్యమంటది. ఇక్కడికొక ముసలాయన వస్తడు బాపూ, నీ లెక్కనే చెవుల మిషన్, గట్టిగ మాట్లాడాలె. కాఫీ ఇస్త. ఆయన కూసున్నంతసేపు భయం ఉండది. నువ్వే కూసున్నట్టుంటది. సరే, పెట్టేస్తున్న.”

సంతోషకుమారి కిటికీ వైపు తిరిగింది. అబిగేయిల్ ఏడుస్తూనే ఉంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

సుందరమ్మ వంగి భర్త గుప్పిట విప్పింది. అందులోని మిషన్ తీసి ఆయన చెవిలో పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూసింది.

“వినవడ్తుందా?”

ఆయన తలూపాడు.

“నాకు చెప్తే పిలిపిద్దును. అది బతికుండేది.”

“ఎరుకే,” అన్నాడు తిరుపతయ్య.

ఆమె ఆయన పక్కనే కింద కూర్చుంది. క్షమించానని అనలేదు. అపర్ణ వైపు చెయ్యి చాపింది.

“మళ్ళ పెట్టు బిడ్డా. ఇద్దరం ఇంటం.”