గద్దపిల్ల విన్న మాటలు

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అతని నోటికి మాంసం వాసనేసే గ్లౌజు అడ్డం పడింది.

గాయపడిన పక్షులను బాగుచేసి వదిలిపెట్టే కేంద్రం అది. లోపల గదిలో అడ్డంగా కట్టిన తెర దగ్గర నిలబడి ఉన్న అమ్మాయిని అతను చనువుగా పలకరించబోయాడు. ఆమె గిర్రున తిరిగి, గ్లౌజు చేత్తోనే అతని నోరు మూసి, బయటికి లాక్కొచ్చి తలుపు వేసింది.

"లోపల మాట్లాడకూడదని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు. పలకరింపు కూడా మాటల్లోకే వస్తుందనుకోలేదు."

ఆమెకు నవ్వు రాలేదు. ఎవరో చెట్టు కొట్టేస్తే గూడుతో సహా కింద పడ్డ గద్దపిల్ల తెర అవతల ఉందని చెప్పింది. తిండి పెట్టేది మనిషేనని దానికి తెలిసిపోతే, రేపు బయట వదిలాక కూడా మనుషుల దగ్గరికే వస్తుంది. ఎవరో ఒకరు రాయి విసురుతారు. లేదంటే వేట నేర్చుకోక ఆకలితో చస్తుంది.

"గోళ్ళు, చూపు ఎలాగో దానికి భయమూ అంతే. దాన్ని బతికించేవి అవే. మనం జాలిపడి ఆ భయం పోగొట్టకూడదు" అంది.

అతను బుద్ధిగా తలూపాడు గానీ, అతను పెరిగింది అక్క, బావ, పిల్లలు అందరూ ఒకేసారి మాట్లాడే ఇంట్లో. అక్కడ ఎవరైనా నోరు మెదపకుండా కూర్చుంటే జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూస్తారు. వారం తిరక్కుండానే కేంద్రం నడిపే డాక్టరుగారు అతనికి రేడియో అని పేరు పెట్టేశారు. తనకంటే ముందు చేరిందని అతను ఆమెను సీనియర్ అనేవాడు.

తెర దగ్గర ఇద్దరికీ సైగలే దిక్కయ్యాయి. మాంసం ముక్క పెద్దదైతే ఆమె కనుబొమ ఎగరేసేది. గిన్నె చప్పుడైతే కళ్ళతోనే చీవాట్లు పెట్టేది. ఒకరోజు తుమ్ము ఆపుకోలేక అతను ఎర్రబడ్డ మొహంతో ఒంటికాలి మీద గెంతుతుంటే, ఆమె పెదవి కొరుక్కుంటూ గోడవైపు తిరిగిపోయింది. నవ్వుకు ఆమె భుజాలు కదలడం చూశాడు. ఆ రోజునుంచి అతని మనసు అతని మాట వినలేదు. ఊరందరితో గంటలకొద్దీ వాగేవాడికి ఆమె ముందు మాత్రం అసలు మాట పెగిలేది కాదు.

అంతలో ఆమెకు జ్వరమొచ్చి సెలవు పెట్టింది. తెర సందులోంచి ముక్కలు అందిస్తూ, ఆమె వచ్చాక చెప్పాల్సిన మాటలు అతను నోట్లో నోట్లో అనుకున్నాడు. గొణుగుడే కదా, ఎవరికి వినిపిస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఆమె రాక ఆలస్యమైన కొద్దీ ఆ గొణుగుడు కాస్తా పైకి మాటలైంది.

ఆమె తిరిగొచ్చిన రోజు వరండాలో ఎదురెళ్ళి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. ఆ గొంతు వినగానే లోపల రెక్కల చప్పుడు. గద్దపిల్ల తెర దగ్గరికి పరుగెత్తుకొచ్చి, తిండి పెట్టమని అరవసాగింది. ఆమె మొహం పాలిపోయింది.

"దానితో మాట్లాడారా?"

"మీకు చెప్పాలనుకున్నవి... అక్కడ అనుకున్నాను."

"మీవల్ల అది చచ్చిపోవచ్చు" అంది. తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు.

డాక్టరుగారు పిల్లను పెద్ద జాలీ గదిలో మిగతా గద్దల మధ్యకు మార్పించారు. వానలు మొదలయ్యేలోగా వాటిని చూసి మనిషి గొంతుకు బెదరడం నేర్చుకుంటే వదులుతామని, లేకపోతే బతికినన్నాళ్ళూ దానికి పంజరమేనని తేల్చి చెప్పారు. అతన్ని అటు వెళ్ళొద్దన్నారు. అతను వెనక గదిలో గిన్నెలు కడుగుతూ రోజులు గడిపాడు. ఎదురుపడితే ఆమె తలదించుకుని వెళ్ళిపోయేది. ఇంట్లో కూడా నోరు విప్పకపోయేసరికి అక్క వచ్చి నుదురు పట్టుకుని చూసింది.

ఆకాశం మబ్బు పట్టిన ఓ సాయంత్రం డాక్టరుగారు పిలిపించారు.

"అప్పుడు ఏ మాటలన్నావో అవే అను. అదే గొంతుతో, అదే గిన్నె పట్టుకుని. మాట మింగేస్తే అది పరీక్ష కాదు."

ఆమె జాలీ పక్కనే నిలబడి ఉంది. అతను ఆమెవైపు చూసే ధైర్యం చేయలేక, కొమ్మమీది గద్దనే చూస్తూ మొదలుపెట్టాడు.

"నన్ను జీవితమంతా ఎవరో ఒకరు కోప్పడాల్సిందే. అది మీరైతే బావుంటుంది. మీరు లేకపోతే ఈ నిశ్శబ్దం నావల్ల కావట్లేదు. నాకు మీరంటే ఇష్టం."

గద్ద తల తిప్పింది. అతనివైపు ఒక్క అడుగు జరిగింది. రావద్దు, నా దగ్గరికి రావద్దు అని లోలోపల బతిమాలుకున్నాడు. ఒక ప్రాణిని ప్రేమించి, అది తనను చూసి పారిపోవాలని ఇంతలా కోరుకోవలసి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

అది రెక్కలు విదిల్చింది. ఒక్క ఊపున ఆ చివరి కొమ్మమీదికి ఎగిరిపోయి, మిగతా గద్దల వెనక నక్కింది. మళ్ళీ పిలిచినా తొంగిచూడలేదు.

డాక్టరుగారు రేపు పొద్దున్నే వదిలేద్దామన్నారు. తర్వాత ఎందుకో దగ్గి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ గబగబా వెళ్ళిపోయారు.

అతను కళ్ళు కూడా తుడుచుకోకుండా అక్కడే నిలబడిపోయాడు. ఆమె దగ్గరికొచ్చి అతని చేతిలోని గిన్నె తీసుకుంది.

"ఇంకెప్పుడూ దానికి ఆ మాటలు చెప్పకండి."

"చెప్పను."

"నాకు చెప్పండి, మొదటినుంచి" అంది ఆమె. "ఇందాక మీరు దానివైపు చూస్తూ చెప్పారు."