మత్తడి కింది మిరపతోట

గంగి రైలు దిగి జనగామలో ప్రైవేటు డిటెక్టివ్ శ్రీపాల్ గది వెతుక్కుంటూ వచ్చింది.

"చెరువు కట్ట తెంపింది నా పెనిమిటేనని పోలీసు క్యాంపుల పెట్టిన్రు సారూ. సంగపోల్లు చెప్తే తెంపిండట. రేపు పగటీలికి లారీల అడవికి తీస్కపోతరట. గట్ల పోయినోల్లు ఒక్కలు తిరిగి రాలే."

ఆమె భర్త కట్టయ్య నెల్లికుదురు దగ్గరి ఒక ఊళ్ళో నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం అతని పని. హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది అది. కమ్యూనిస్టుల సంఘం మాట వినిపిస్తే జనం తలుపులు వేసుకునేవారు. ప్రైవేటు డిటెక్టివ్ అంటే ఏమిటో గంగికి తెలియదు, వకీలనుకునే వచ్చింది. శిష్యుడు సంజీవకు మాత్రం శ్రీపాల్ అంటే దేవుడే. అయినా ఆ దేవుడి వెంట తుపాకుల మధ్యకు పోవాలనేసరికి అతను సంచి రెండుసార్లు విప్పి సర్దాడు.

తెల్లారేసరికి ఊరు చేరారు. చావడి ముందు లారీ సిద్ధంగా ఉంది. వరిపొలాల మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది. బావులు బురదతో పూడిపోయాయి, సగం ఊరు గోడలు లేకుండా ఉంది. చచ్చిన ఎడ్ల వాసనకు సంజీవ ముక్కు మూసుకున్నాడు.

ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి వెంట ఉండి అన్నీ చూపించాడు. "మత్తడి నాలుగు దినాలు నిలువెత్తు దుంకింది. నా కండ్లతోని చూసిన. అది దుంకుతుండంగనే ఆ నీరటోడు కట్ట తెంపిండు."

"నష్టమంతా రాయి సంజీవా," అన్నాడు శ్రీపాల్. "ఏది మునగలేదో అదీ రాయి."

నిండిన చెరువులో ఎక్కువ నీరు బయటికి దూకే రాతిగోడే మత్తడి. దాని కింది కాలువలో ఒక మిరపతోట పచ్చగా పూత మీద ఉంది. తోట పట్వారిదే. సంజీవ అదీ రాసుకున్నాడు.

కూలిన తన ఇంటి గోడ మీద కూర్చున్న యాకమ్మ అనే ముసలామెను శ్రీపాల్ అడిగాడు, "అవ్వా, ఈసారి చేపలు బాగా పడ్డాయా?"

ఇల్లు పోయిన మనిషిని అడిగే మాటేనా అని సంజీవ సిగ్గుతో చచ్చిపోయాడు.

"యాడి చేపలు బిడ్డా? మత్తడి దుంకితె ఊరంత బుట్టలు పట్టుకొని ఉరుకుతం. ఈ ఏడు బుట్ట తడవలే."

మధ్యాహ్నానికి లారీ ఇంజను మోగింది. గంగి సంజీవ చెయ్యి గట్టిగా పట్టుకుంది. శ్రీపాల్ క్యాంపు అధికారిని, పట్వారిని, ఊరివాళ్ళను చావడి ముందు నిలబెట్టాడు.

"మిరపమొక్క నీళ్ళలో నిలిస్తే చస్తుంది. నాలుగు రోజులు మత్తడి దూకితే ఆ తోట ఉండేదే కాదు, ఊరికి చేపలూ దొరికేవి. మత్తడి రాళ్ళ నడుమ బంకమన్ను, తాటిదుంగలు ఇంకా ఉన్నాయి. తోట మునగకుండా పట్వారి దారి మూశాడు. పోయే దారిలేక నీరు కట్ట మీదుగా పొర్లి గండి కొట్టింది. కట్ట పొడవునా కోత కనిపిస్తోంది. పార పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు."

అధికారి పిస్తోలు మీద చెయ్యి తీయకుండానే మత్తడి దాకా నడిచి వెళ్ళాడు. తిరిగి రాగానే ఆయన కట్టయ్య కట్లు విప్పించి, పట్వారిని పట్టుకోమన్నాడు.

"మొదటి రోజే చెప్పలేదేం?" అని అధికారి కట్టయ్యను అడిగాడు.

కట్టయ్య వాచిన చేతులు జోడించాడు. "చెప్పిన దొరా. అంత చెప్పిన. పట్వారి సాబే ఉర్దూల రాసుకున్నడు. ఏం రాసిండో నాకెర్కలే, ఏలిముద్ర ఏసిన."