కదిలే మగ్గం, కదలని ఫొటో

"ఛ! మళ్లీ మసకే!"

ప్రణాలి కెమెరా తెరలోకి చూసి మూతి ముడిచింది. ఫొటోలో బాపు ఉన్నాడు. కానీ ఆయన ముందున్న మగ్గం మాత్రం అలుక్కుపోయి, చూడడానికి పొగలా ఉంది.

"బాపూ! ఈ మగ్గం జర మెల్లగ నడువదా?" అని అరిచింది.

కోపంతో అరవలేదు లెండి. వాళ్లుండే భవాని పేట్‌లో మగ్గాలున్న ఇళ్లలో అందరూ అరిచే మాట్లాడతారు. ముందు గదిలో పవర్‌లూమ్ ఖటక్ ఖటక్ అని రోజంతా మోగుతుంటే, మామూలుగా మాట్లాడిన మాట పక్కవాడి చెవిదాకా కూడా వెళ్లదు.

"మెల్లగ నడువనీకి ఇదేమన్న ఎద్దుల బండా?" అని నవ్వాడు ప్రణాలి తండ్రి సిద్ధరాములు. నవ్వుతున్నా ఆయన చూపు మాత్రం బట్ట మీదే ఉంది.

ఉండదా మరి! రెండు నెలలుగా ఆ మగ్గానికి పని లేదు. ఇప్పుడు ఒక సేట్ కొత్త రకం చద్దరు నేసి చూపించమన్నాడు. నీలం రంగు నేల, చుట్టూ తెల్ల పూల అంచు. రేపు పొద్దున వచ్చి చూస్తాడట. నచ్చితే దీపావళి దాకా ఆయన పనే. నచ్చకపోతే మగ్గం మళ్లీ మూలన పడ్డట్టే. అందుకే ఇంట్లో అందరూ ఆ చద్దరును పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

ప్రణాలికి మాత్రం ఇంకో తొందర ఉంది. ఆ కెమెరా బడిది. శ్రీకాంత్ సర్ ఆరో తరగతి పిల్లలకు దాన్ని వంతులవారీగా ఇంటికి పంపుతున్నారు. 'మా ఇంటి పని' అనే పేరుతో బడిలో ఫొటోల ప్రదర్శన పెడతారు. ఈరోజు ప్రణాలి వంతు. రేపు పొద్దున బడికి వెళ్లగానే ఇచ్చేయాలి.

పైగా పక్కింటి ప్రథమేశ్ ఇప్పటికే తన ఫొటో తీసేశాడు. వాళ్లమ్మ కడక్ భాక్రీ, అంటే కరకరలాడే జొన్నరొట్టె, చేస్తున్న ఫొటో. అందులో చేతికంటిన పిండి కూడా పొడిపొడిగా కనిపిస్తోంది. "నా ఫొటో చూడు, ఏక్ నంబర్!" అని నిన్నటి నుంచి వాడు వీధిలో కాలు నిలవకుండా తిరుగుతున్నాడు.

"గంత సాఫ్‌గ ఎట్ల వచ్చిందిరా?" అని నిన్ననే అడిగింది ప్రణాలి.

"అమ్మను కదలొద్దన్న. చెయ్యి పైకి లేపి గట్లనే ఉండుమన్న. మస్తు తిట్టింది. కానీ ఉన్నది," అన్నాడు వాడు.

ప్రణాలికి తరగతిలో సర్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. నిజాం కాలంలో హైదరాబాద్‌లో రాజా దీన్ దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ ఉండేవారట. రాజభవనాలనూ, నవాబులనూ గాజు పలకల మీద ఫొటోలు తీశారట. సర్ ఆ ఫొటోలు చూపించారు. అందరూ గంజి పెట్టిన బట్టల్లా బిగుసుకుని ఉన్నారు.

"పాత కాలపు కెమెరాకు వెలుతురు చాలా సేపు కావాల్సి వచ్చేది. అంతసేపూ మనిషి కదిలితే ఫొటో చెడిపోయేది. కొన్ని స్టూడియోల్లో తల కదలకుండా మెడ వెనక ఇనుప కడ్డీ కూడా పెట్టేవారు," అన్నారు సర్. పిల్లలు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఒకటే నవ్వు. ఆ నవ్వుల్లో సర్ తర్వాత చెప్పిన మాటలు సగం మంది చెవుల్లో పడనే లేదు.

'అంటే, కదలకపోతే ఫొటో బాగుంటుంది,' అనుకుంది ప్రణాలి. 'అమ్మను ఆపొచ్చు. నవాబును ఆపొచ్చు. మరి మగ్గాన్ని?'

సరిగ్గా అప్పుడే బాపు చెప్పులు వేసుకున్నాడు.

"కొమురయ్య కాక దగ్గరికి పోయి నూలు కండెలు తెస్త. గిట్ల పోయి గట్ల వస్త. మగ్గం దిక్కు చూస్త ఉండు. దారం తెగితే హ్యాండిల్ గుంజి ఆపు. మల్ల సురూ చెయ్యకు. నేనొచ్చి చేస్త."

"సరే బాపూ!"

బాపు అటు వెళ్లాడు. ప్రణాలి ఇటు హ్యాండిల్ గుంజింది.

దారమేమీ తెగలేదు. అయినా గుంజింది.

మగ్గం ఠక్కున ఆగింది. గదంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ప్రణాలి కెమెరా నొక్కింది. ఆహా! ఒక్కో దారం తల దువ్వినట్టు కనబడుతోంది. కానీ దారాన్ని అటూ ఇటూ మోసే నాడె లోపల దాక్కుంది. నాడె లేకపోతే మగ్గం ఫొటో ఏం బాగుంటుంది? హ్యాండిల్ తోసింది. మగ్గం నడిచింది. మళ్లీ గుంజింది. ఈసారి నాడె అవతలి పక్కన ఆగింది. మళ్లీ తోసింది. మళ్లీ గుంజింది.

లోపలి గదిలో బాపు వాళ్ల అమ్మ, బాపమ్మ చంద్రభాగ, బీడీలు చుడుతోంది. ఆమె చేతులు ఆకు మీద ఉన్నా, చెవులు మగ్గం మీద ఉంటాయి.

"ఏందే పోరీ! మగ్గం మాటిమాటికి ఆగుతాంది?"

ప్రణాలి గతుక్కుమంది. "దారం తెగింది బాపమ్మా!" అనేసింది.

బాపు వచ్చేసరికి మగ్గం బుద్ధిగా నడుస్తోంది. ప్రణాలి కూడా అంతే బుద్ధిగా కూర్చుని ఉంది.

సాయంత్రం బాపు చద్దరును మగ్గం మీది నుంచి కోసి దించాడు. గుమ్మం దగ్గర వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. ఆయన ముఖంలోని నవ్వు మెల్లగా మాయమైంది.

"అమ్మా, జర ఇటు రా. నాకే కానొస్తున్నయా, నీకు గూడ కానొస్తున్నయా?"

బాపమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. నీలం బట్ట మీద అడ్డంగా సన్నటి గీతలు. అక్కడొకటి, ఇక్కడొకటి. దారాల మధ్య సందు వచ్చినట్టున్నాయి.

"దారాలు తెగినయట గదరా. పోరి చెప్పింది," అంది బాపమ్మ.

"పడుగు దారం తెగితే లోపం నిలువుగ పడ్తది. ఇవి అడ్డంగ పడ్డయి. మగ్గమే దెబ్బ సరిగ్గ కొడ్తలేదు." బాపు మగ్గం మీద చెయ్యి వేశాడు. "ముసలిదయిపోయింది. ఇగ దీన్ని భంగార్‌కు ఇయ్యాలె గావచ్చు. సేట్‌కు ఫోన్ చేసి రావద్దని చెప్త."

పాత సామాన్ల బండి భంగార్, భంగార్ అని అరుస్తూ వీధిలోకి రావడం ప్రణాలి చాలాసార్లు చూసింది. వీధి చివరి ఇంట్లో మగ్గం ముక్కలు ముక్కలుగా ఆ బండి ఎక్కడం కూడా చూసింది.

కెమెరా తీసి ఫొటో పెద్దది చేసి చూసింది. అందమైన ఫొటో. ఒక్కో దారం స్పష్టంగా ఉంది. మగ్గం ఆగి నడిచిన చోట పడ్డ గీత కూడా అంతే స్పష్టంగా ఉంది.

బాపు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"బాపూ, చెయ్యకు!" ప్రణాలి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. "మగ్గానికి ఏం కాలేదు. నేనే... నేనే ఆపిన. ఫొటో కోసం. ఆపిన, నడిపిన, మల్ల ఆపిన. దారం తెగనే లేదు."

బాపమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "మరి నాతోని తెగిందంటివి గదనే!"

"అబద్ధం చెప్పిన బాపమ్మా," అంటూ ప్రణాలి ఏడ్చేసింది.

బాపు చెయ్యి చాపాడు. ప్రణాలి కెమెరా ఇచ్చింది. ఆయన ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు.

"ఫొటో మంచిగనే వచ్చింది," అన్నాడు చివరికి. "గీత గూడ మంచిగనే వచ్చింది."

ఆయన ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. కోప్పడతాడనుకున్న ప్రణాలి, ఏడుపు మధ్యలో నోరు తెరిచి చూసింది.

"అంటే మగ్గం మంచిగున్నది! నా మగ్గం మంచిగున్నదే అమ్మా!" అని ఆయన మగ్గాన్ని తట్టాడు. తర్వాత ప్రణాలి వైపు తిరిగాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "ఇను. ఆగిన మగ్గం మొదటి దెబ్బ మెత్తగ కొడ్తది. అందుకే మల్ల నడిపే ముందు చేత్తోని చక్రం తిప్పి, బట్టను సరిజెయ్యాలె. లేకుంటే గీత పడ్తది. నిన్ను సురూ చెయ్యొద్దన్నది అందుకే. ఇంకొక్క చద్దరుకు సరిపోను నూలున్నది. మీద జరంత మిగుల్తది. అంతే. ఇది గూడ పాడయితే సేట్‌కు చూపెట్టనీకి ఏం లేదు."

"నేను గదిలకే రాను బాపూ."

"ఎందుకు రావు? వచ్చి కూసో. చూడు. చేతులు మాత్రం నీ కాడనే పెట్టుకో."

ప్రణాలి గడప మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల కింద దాచుకుంది. మగ్గం మళ్లీ మొదలైంది. ఖటక్ ఖటక్. బాపు బట్ట మీదికి వంగి నిలబడ్డాడు. నాడె అటూ ఇటూ దూకుతోంది. ఆయన మాత్రం కదలడం లేదు. ప్రణాలి మొదటిసారి దాన్ని గమనించింది. అంత గోల మధ్య బాపు ఎంత నిశ్చలంగా ఉన్నాడో!

అప్పుడు సర్ చూపించిన ఇంకో ఫొటో గుర్తొచ్చింది.

"బాపూ! ఫ్రాన్స్ దేశంల డగేర్ అని ఒకాయన ఉండెనట. రెండు వందల ఏండ్ల కింద కిటికీలకెల్లి రోడ్డు ఫొటో తీసిండట. రోడ్డు మీద మస్తు బండ్లు, మస్తు మంది. కానీ ఫొటోల ఎవ్వరు లేరు!"

"ఏడికి పోయిండ్రు?"

"కెమెరా శానసేపు చూసింది గద. కదిలేటోళ్లు అందుల పడలేదు. ఒక్కాయన మాత్రం బూట్లకు పాలిష్ చేయించుకుంట ఒక్క తీరుగ నిలబడ్డడట. ఆయన పడ్డడు!"

బాపు బట్ట మీది నుంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "మన అశోక్ చౌక్‌ల తీస్తే ఒక్కడు గూడ పడడు."

"ఇంకొకామె ఉండె. హోమై వ్యారావాలా. మన దేశంల పేపర్లకు ఫొటోలు తీసిన మొదటి ఆడామె అట. చీర కట్టుకొని, గింత బరువు కెమెరా మోసుకుంట పోయేదట. పెద్ద పెద్ద లీడర్లను తీసింది."

"వాళ్లను గూడ ఆపిందా, నీ లెక్క?"

ప్రణాలి సిగ్గుపడింది. సర్ చెప్పిన మిగతా మాటలు ఇప్పుడు గుర్తొచ్చాయి. జరుగుతున్న పనిని ఎవరూ ఫొటో కోసం ఆపరు, మంచి క్షణం కోసం మనమే కాచుకుని ఉండాలి అన్నారు. "లేదు బాపూ. ఎదురుచూసేదేమో," అంది మెల్లగా. మగ్గం చప్పుడులో ఆ మాట బాపుకు వినబడలేదు.

అన్నం తినే వేళకు చద్దరు దిగింది. ముగ్గురూ దీపం కింద పట్టుకుని వెతికారు. ఒక్క గీత కూడా లేదు. బాపమ్మ ప్రణాలి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, ఆ చేత్తోనే దగ్గరికి తీసుకుంది. పడుకునే ముందు ప్రణాలి తను తీసిన ఫొటోలన్నీ, మసకవీ గీతలున్నవీ, చెరిపేసింది.

పొద్దున్నే సేట్ వచ్చాడు. చద్దరును వెలుతురుకు పట్టుకున్నాడు. చేత్తో రుద్దాడు. భుజం మీద వేసుకున్నాడు. ప్రణాలి తలుపు చాటున గుండె చిక్కబట్టుకుని నిలబడింది.

"చాంగ్లా ఆహే, సిద్ధరాములు! సురూ కరా," అన్నాడు సేట్ మరాఠీలో. మంచిగుంది, పని మొదలుపెట్టు అని.

సేట్ అటు వెళ్లగానే బాపు ఉత్సాహం పట్టలేక మిగిలిన కండెను నాడెలో పెట్టాడు. చక్రాన్ని చేత్తో తిప్పి సరిచూసుకుని మగ్గం నడిపాడు. కిటికీలోంచి పొద్దుటి ఎండ ఆయన ముఖం మీద పడుతోంది.

ప్రణాలి యూనిఫాం వేసుకుని, జడ వేసుకుని, కెమెరా మెడలో వేసుకుని వచ్చింది. బాపు ఆమెను చూశాడు. ఆమె ఫొటోలన్నీ చెరిపేసిన సంగతి ఆయనకు తెలుసు.

"నీ ఫొటో ఉండిపాయె గద బిడ్డా? ఇది వట్టి మిగిలిన నూలే. గీత పడినా ఏం గాదు. ఆపాల్నా?"

ఆయన చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. ఒక్కసారి గుంజితే చాలు. ప్రథమేశ్ ఫొటో కంటే స్పష్టమైన ఫొటో వస్తుంది.

"వద్దు బాపూ," అంది ప్రణాలి. "మగ్గాన్ని నడువనియ్యి. నేనే ఆగుత."

కిటికీ చెక్కకు మోచేతులు ఆనించింది. ఊపిరి బిగబట్టింది. నాడె అటు వెళ్లింది, ఇటు వచ్చింది. ఆమె నొక్కలేదు. బయట ప్రథమేశ్ "ప్రణాలీ, బడికి లేట్ అవుతాంది!" అని కేకేశాడు. అయినా కదల్లేదు.

బాపు ఆమె సంగతి మరిచిపోయి, మెల్లగా బట్ట మీదికి వంగాడు.

అప్పుడు నొక్కింది.

తెరలో మగ్గం అలుక్కుపోయి ఉంది. నాడె ఒక తెల్లటి చారలా ఉంది. వాటి మధ్య బాపు ముఖం మాత్రం కనుబొమల దాకా స్పష్టంగా ఉంది. ప్రణాలి కెమెరాను జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని గడప దాటింది. వెనక మగ్గం నడుస్తూనే ఉంది.