జారింది నా కాలు కాదు

ఆ శనివారం ఉదయం సున్‌డొక్ ఎప్పటిలాగే ఆరింటికి లేచింది. అన్నం వండి, ముల్లంగి ఆకుల పులుసు కాచి, భర్త ముందు పొట్టిబల్ల వేసి గిన్నెలు సర్దింది. ఆ తరువాత మాత్రం వాకిట్లో గుట్టగా పోసి ఉన్న రెండు వందల క్యాబేజీల వైపు కన్నెత్తి కూడా చూడకుండా, లోపలికి వచ్చి, అడుగునుంచి వేడెక్కే నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

పిల్‌జుంగ్ పులుసు గిన్నెలోంచి తల ఎత్తాడు.

"అవి నిన్నటికే ఉప్పులో పడాల్సింది. పదింటికల్లా పిల్లలు దిగుతారు. వాళ్ళకేం చెప్పమంటావు?"

"ఉప్పు కొట్టుగదిలో ఉంది. తొట్టి కుళాయి దగ్గరుంది. మీకు రెండు చేతులూ ఉన్నాయి."

"ముప్పై ఆరేళ్ళలో ఏ నవంబర్లోనూ నువ్విలా కూర్చోలేదు!"

"ముప్పై ఆరేళ్ళలో ఎవరూ నా తాళంచెవి లాక్కోలేదు. అది నా చేతికొచ్చేదాకా ఈ ఇంట్లో కిమ్చీ పచ్చడి పెట్టేది లేదు. మీ అక్కలకీ, తమ్ముళ్ళకీ ఫోన్ చేసి చెప్పండి, ఈ ఏడు కొట్లో కొనుక్కోమని."

పిల్‌జుంగ్ చెంచా బల్ల మీద టక్కున పెట్టి లేచిపోయాడు.

ఇది ఇరవై రోజులుగా నలుగుతున్న గొడవ. గాంగ్వన్ కొండల్లో ఉన్న ఆ ఊరికి వచ్చే ఒక్క బస్సునూ రెండేళ్ళ కిందట ఆపేశారు. సున్‌డొక్ అప్పుడే, యాభై తొమ్మిదేళ్ళ వయసులో, డ్రైవింగ్ నేర్చుకుంటానని కూర్చుంది. పరీక్ష నాలుగుసార్లు తప్పింది. ఊరంతా నవ్వింది. ఐదోసారి నెగ్గి వచ్చి, లైసెన్సు తెచ్చి అద్దం పక్కన గోడకు అంటించింది. ఏళ్ళ తరబడి కొండ ఆకుకూరలు ఎండబెట్టి అమ్మి దాచుకున్న డబ్బుకు కొడుకు డోంగ్హా కొంత కలిపి, కొత్త ఎస్‌యూవీ ఒకటి కొనిచ్చాడు. తెల్లగా, ఎత్తుగా, పెళ్ళికి ముస్తాబైన గుర్రంలా ఉండేది. అప్పటినుంచి ఊళ్ళో ముసలమ్మలందరికీ ఆమే దిక్కయింది. సంతకు, ఆస్పత్రికి, వేన్నీళ్ళ స్నానశాలకు నలుగురిని ఎక్కించుకుని, పాటలు పెట్టుకుని కొండ దిగేది.

పిల్‌జుంగ్‌కి తన పాత ట్రక్కే లోకం. కొత్త బండిని ఏ ఆదివారమో తప్ప ముట్టేవాడు కాదు. అందుకే దాని వేషాలన్నీ సున్‌డొక్‌కే తెలుసు. చలి ఉదయాల్లో ఇంజను పళ్ళు కొరికినట్టు టకటకలాడేది. మంచు కమ్మిన మలుపులో ఎదురుగా ఏమీ లేకపోయినా కెవ్వుమని అరిచి తనంతట తానే బ్రేకు వేసేది. ఒక్కోసారి ముందున్న తెర నల్లబడిపోయి, బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే తప్ప వెలిగేది కాదు. వీటన్నిటికీ ఆమె నవ్వుకునేది. కొత్త కోడలికి మాత్రం అలవాట్లుండవా అని సరిపెట్టుకునేది.

ఒక్కదానికి మాత్రం నవ్వలేదు. చలిలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగి, బ్రేకు మీది కాలు యాక్సిలరేటర్ మీదికి మార్చితే, బండి ఒక క్షణం పట్టు వదిలేసినట్టయి వెనక్కి జారేది. తరువాత ఎవరో తన్నినట్టు ముందుకు దూకేది. అలా జరిగిన ప్రతిసారీ గోడ క్యాలెండరు మీద తేదీ పక్కన రాసింది. రెండుసార్లు సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళింది. అక్కడి మేనేజరు మేంగ్ కంప్యూటరు తగిలించి చూసి, "తప్పేమీ చూపించట్లేదమ్మా. ఈ రకం గేర్ల స్వభావమే అంత. మీ చెయ్యి తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు. ఆపైన ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "ఇంట్లో ఇంకెవరు నడుపుతారు?" అని అడిగాడు.

ఇరవై రోజుల కిందట, ఉదయం, వాకిట్లోంచి రోడ్డు మీదికి ఎక్కే ఏటవాలులో ఆమె బండి ఆపింది. పైన ట్రాక్టరు పోతోంది. అది పోయాక కాలు మార్చింది. బండి వెనక్కి జారింది. తొక్కింది, లాగలేదు. తేరుకుని మళ్ళీ బ్రేకు అందుకునేలోగా వెనకనున్న జాడీల అరుగు ఫెళఫెళమంది. పగిలిన వాటిలో ఒకటి అత్తగారు చనిపోయే ముందు పెట్టిన సోయా రసం జాడీ. ఇరవై రెండేళ్ళుగా ఏటేటా కొత్త రసంలో అందులోంచి ఒక గరిటె కలుపుతూ వచ్చారు. పిల్‌జుంగ్ ఆ నల్లటి మడుగులో మోకాళ్ళ మీద కూలబడి, దోసిళ్ళతో ఎత్తబోయాడు. వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. తల ఎత్తి భార్యను చూసి ఒకే మాట అన్నాడు.

"బండి జారలేదు. నీ కాలు జారింది."

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. మర్నాటికి ఆ మాట ఊరి చావడిలో ఉంది. ఆ మర్నాటికి ఫోన్లో కొడుకు నోట ఉంది. అప్పటినుంచి సున్‌డొక్ భర్త ట్రక్కూ ఎక్కలేదు. నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్ళి, కింది ఊళ్ళో బస్సెక్కేది.

పదింటికి డోంగ్హా, అతని భార్య హేరిన్ వొన్‌జు పట్నం నుంచి వచ్చారు. రబ్బరు చేతితొడుగులు, ఖాళీ డబ్బాలు మోసుకుని దిగిన హేరిన్, ఎక్కడి క్యాబేజీలు అక్కడే ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. డోంగ్హా తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఏంటిది? పెద్దత్త ఉదయంనుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. నవ్వులపాలవుతున్నాం."

"ఈ వయసులో నా కాలు జారిందని మీ నాన్న ఊరంతా చాటించినప్పుడు నవ్వులపాలు కాలేదా?"

హేరిన్‌కి నవ్వు ఆగలేదు. చేతితొడుగు నోటికి అడ్డం పెట్టుకుంది. డోంగ్హా మాత్రం విసుక్కున్నాడు.

"నీ మంచికేనమ్మా! ఆ వేళ వెనకాల జాడీలున్నాయి కాబట్టి సరిపోయింది. మనుషులుంటే? మేనేజరు కూడా నాకు ఫోన్ చేసి చెప్పాడు, బండిలో ఏ లోపమూ లేదని."

"నడిపింది నేను. చెడిందని చెప్పింది నేను. ఆయన ఫోన్ నీకెందుకు చేశాడు?"

సున్‌డొక్ లేచి, కోటు తొడుక్కుని వాకిట్లోకి నడిచింది.

"రండి. మొన్న ఆదివారం తరువాత దాన్ని ఎవరూ ముట్టలేదు. గడ్డి మీద ఇంకా మంచు పేరుకునే ఉంది. నువ్వే నడుపు. ఏటవాలు మధ్యలో ఆపి, మళ్ళీ ఎక్కించు. చాలు."

"అమ్మా, పనీపాటా లేనట్టు..."

"అత్తయ్య చెప్పినట్టు చేసి చూస్తే పోయేదేముంది?" అంది హేరిన్. "బండిలో ఏమీ లేదన్నావుగా. భయమెందుకు?"

పిల్‌జుంగ్ తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు. డోంగ్హా బండిని ఏటవాలు మధ్యదాకా ఎక్కించి ఆపాడు. సున్‌డొక్ వంగి క్యాబేజీలు ఒక్కొక్కటే మోసుకొచ్చి, వెనక చక్రాలకు మూరెడు దూరంలో వరసగా పేర్చింది.

"నా క్యాబేజీలు!" అన్నాడు పిల్‌జుంగ్.

"బండిలో లోపం లేనప్పుడు వాటికేమవుతుంది?" అని పక్కకు తొలగి చేతులు కట్టుకుంది. హేరిన్ ఫోన్ తీసి పట్టుకుంది.

డోంగ్హా కాలు మార్చాడు. బండి వెనక్కి జారింది. కరకరమని మూడు క్యాబేజీలు చక్రాల కింద నలిగాయి. అతను కంగారుగా తొక్కాడు, లాగలేదు. ఇంకా తొక్కాడు. బండి ఒక్కసారిగా ముందుకు ఎగిరి, రోడ్డు అంచున కీచుమంటూ ఆగింది. అతను దిగేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీకు అలవాటు లేదు, దిగు" అంటూ పిల్‌జుంగ్ ఎక్కాడు. నలభై ఏళ్ళు మంచులో ట్రక్కు నడిపిన మనిషి. అదే చోటికి తెచ్చి, ఆపి, కాలు నెమ్మదిగా మార్చాడు. ఈసారి వరస మొత్తం పోయింది. వెనక చక్రం ఖాళీ అరుగు అంచుకు తగిలాక కానీ బండి ఆగలేదు.

పిల్‌జుంగ్ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. డోంగ్హా వెళ్ళి తలుపు తీశాడు.

"దిగు నాన్నా. నీకూ మొదటిసారేగా, దెబ్బేమన్నా..."

"మొదటిసారి కాదు."

"ఏంటి?"

పిల్‌జుంగ్ దిగాడు. ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. "సెప్టెంబర్లో పెద్దల సమాధుల దగ్గర గడ్డి కోయడానికి వెళ్ళాంగా. తెల్లారగట్ల, ఆ గుట్ట ఎక్కుతుంటే ఇలాగే జారింది. కాలవ అంచుదాకా పోయింది. తమ్ముళ్ళంతా చూస్తున్నారు. కావాలనే వెనక్కి తీశానని చెప్పాను. నలభై ఏళ్ళ డ్రైవర్ని, ఏం చెప్పుకోను?"

సున్‌డొక్ అతని దగ్గరకు నడిచింది. పెళ్ళయిన నాటినుంచి అతణ్ణి 'మీరు' అనే పిలిచిన మనిషి.

"నీకు తెలుసా?" అంది. "తెలిసి ఊరుకున్నావా?"

"అమ్మ జాడీ పగిలేసరికి... ఆ వేళ నోరు జారాను. ఆ తరువాత నిజం చెప్పే మొహం లేకపోయింది."

"నేనేం చేశానో తెలుసా ఈ ఇరవై రోజులూ? నువ్వు పొలానికి పోగానే వంటింట్లో స్టూలు మీద కూర్చుని, రెండు గిన్నెలు బోర్లించుకుని, దీని మీదనుంచి దాని మీదికి కాలు మార్చుకుంటూ ఉన్నాను. వందసార్లు, రెండు వందలసార్లు. ఎక్కడన్నా జారుతుందేమోనని. ఈ కాలు నా మాట వినట్లేదేమోనని. మీ అమ్మకి మతి పోయినప్పుడు మొదట కాళ్ళే తడబడ్డాయి. గుర్తుందా? నాకూ అదే మొదలయిందనుకున్నాను!"

అంటూనే ఆమె ఏడ్చేసింది. హేరిన్ పరుగున వచ్చి పట్టుకోబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడుస్తున్నానని రాజీ పడ్డాననుకోకు" అంది భర్తతో, చెంపలు మోచేత్తో తుడుచుకుంటూ.

పిల్‌జుంగ్ నలిగిన ఆకుల మధ్య చతికిలబడ్డాడు. భుజాలు కదిలిపోతున్నాయి. తల్లి చనిపోయిన నాడు తప్ప అతను ఏడవటం డోంగ్హా చూడలేదు. కాసేపటికి తాళంచెవి పైకెత్తి పట్టుకున్నాడు.

"తీసుకో. తప్పు నాది."

"ఇదొక్కటే చాలదు. నా కాలు జారిందని ఎంతమందితో అన్నావో, అంతమంది ముందూ ఈ మాట చెప్పు. ముందు ఆ మేనేజరు ముందు. లే."

"ఇప్పుడా?"

"ఒంటిగంటదాకా తెరిచే ఉంటుంది."

అలాంటి బండిని కొండ దింపడానికి ఆమె ఒప్పుకోలేదు. చెడిన బండ్లను మోసుకెళ్ళే లారీని పిలిపించి, బండిని దాని మీదికి ఎక్కించింది. ఊరి చావడి ముందునుంచి వెళ్తుంటే, ఎండలో కూర్చున్న ముసలివాళ్ళంతా మెడలు చాచి చూశారు. వెనకే ట్రక్కులో వస్తున్న పిల్‌జుంగ్ అద్దం దించాడు.

"మా ఆవిడ తప్పేం లేదు! బండే చెడ్డది! నాకు ముందే తెలుసు!" అని అరిచాడు. ఆ ట్రక్కులోనే, ఇరవై రోజుల తరువాత మొదటిసారిగా, పక్కన కూర్చున్న సున్‌డొక్ ముందుకే చూస్తూ ఉండిపోయింది.

సర్వీసు సెంటర్లో మేంగ్ వాళ్ళను చూసి, అలవాటుగా పిల్‌జుంగ్ ముందు తల వంచాడు. "చెప్పండి సార్, మళ్ళీ ఏమన్నా ఇబ్బందా?"

"బండి ఆవిడది" అన్నాడు పిల్‌జుంగ్. "ఆవిడతో మాట్లాడు."

సున్‌డొక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంటి గోడనుంచి తీసి తెచ్చిన క్యాలెండరు విప్పి, ఏ తేదీన, ఎంత చలిలో, ఏ ఎత్తులో ఎన్నిసార్లు జారిందో చదివి వినిపించింది. మేంగ్ మధ్యలో అందుకున్నాడు.

"అమ్మా, నేను మొన్నే చెప్పానుగా, అది లోపం కాదు, ఈ గేర్ల స్వభావం..."

"జనాన్ని వెనక్కి తోసే స్వభావమైతే దాన్నీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వు. రేపు ఎవరన్నా చస్తే చూపిస్తాను."

డోంగ్హాతో వెనకే వచ్చిన హేరిన్, ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టింది. తెర మీద కొడుకు, తరువాత తండ్రి. రెండుసార్లూ క్యాబేజీలు నలిగిన చప్పుడు ఆ గదంతా వినిపించింది. మేంగ్ రెండోసారి చూడబోయి, కలం అందుకున్నాడు.

"నేనూ సాక్షినే" అన్నాడు పిల్‌జుంగ్, వెనకున్న బెంచీల మీది వాళ్ళందరికీ వినబడేలా. "నాకు సెప్టెంబర్లోనే జారింది. సిగ్గుపడి దాచాను. నా పేరు కూడా రాయండి."

సున్‌డొక్ వెనక్కి తిరిగి అతణ్ణి చూసింది. కుర్చీ కాస్త పక్కకు జరిపి, అతను నిలబడటానికి చోటిచ్చింది.

అప్పుడు బెంచీ మీదనుంచి ఒకామె లేచింది. నలభై ఏళ్ళుంటాయి, ఆస్పత్రి నర్సు దుస్తుల్లో ఉంది. చేతిలో అదే కంపెనీ గుర్తు ఉన్న తాళంచెవి. తడబడుతూ దగ్గరకొచ్చింది.

"పెద్దమ్మా, నాదీ అలాగే జారుతోంది. రెండు నెలలనుంచి. మా ఇంట్లో చెబితే, ఆడవాళ్ళ డ్రైవింగ్ అంతేలే అంటున్నారు. నేనే సరిగా నడపట్లేదేమో అనుకున్నాను."

సున్‌డొక్ లేచి, తన కుర్చీని ఆమె వైపు తిప్పి పెట్టింది.

"ఇలా రామ్మా, కూర్చో. నీదీ రాయిద్దాం."